ముహూర్తానికి విప్పిన మూట

లినక్స్ మిషన్ మనిషిని తిట్టదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. తిడితే తిరిగి తిట్టొచ్చు. అది ‘పర్మిషన్ డినైడ్’ అని రెండు ముక్కలు తెర మీద పడేసి ఊరుకుంటుంది. ఎవరికి లేదు పర్మిషన్, ఎందుకు లేదు, ఎవర్ని అడగాలి, ఇవేవీ చెప్పదు. సర్కారు ఆఫీసులో గుమాస్తా నయం, కనీసం “రేపు రండి” అంటాడు.

ఊరంతా కంప్యూటర్ పిచ్చి పట్టిన రోజులవి. అమీర్‌పేటలో గోడ కనిపిస్తే చాలు ఏదో ఒక కోర్సు బోర్డు ఉండేది. నాతో చదువుకున్నవాళ్ళు మాదాపూర్ అద్దాల మేడల్లో మెడకు కార్డులు తగిలించుకుని తిరుగుతున్నారు. నేనేమో ఫిల్మ్ నగర్‌లో ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో సర్వర్, నెట్‌వర్క్ చూసుకునే పనిలో చేరాను. దాంతో ఎటూ కాకుండా పోయాను. మా చుట్టాల లెక్కలో నేను సినిమాల్లో ఉన్నాను. పెళ్ళిళ్ళలో కనిపిస్తే “ఏరా, హీరోయిన్లు దగ్గర్నుంచి కూడా అంత తెల్లగా ఉంటారా?” అని అడిగేవారు. సినిమావాళ్ళ లెక్కలో నేను ‘కంప్యూటరాయన’. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు, ఏసీ నీళ్ళు కారినా నన్నే పిలుస్తారు.

స్టూడియో అంటే గొప్పగా ఊహించుకోకండి. ఎవరో కాపురానికి కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు. కింద రిసెప్షన్, మేనేజరు గారి గది. పైన హాల్లో ఎనిమిది సీట్లు. పై వంటింట్లో నల్లరాయి గట్టు మీద, ఒకప్పుడు గ్యాస్ పొయ్యి ఉన్నచోట, మా సర్వర్. అందరి పనీ అందులోనే ఉంటుంది. ఎవరి సీటు నుంచి వాళ్ళు నెట్‌వర్క్ మీద అందులోకి వెళ్ళి పని చేసుకుంటారు.

ఆ ఏడు మాకు ఒక జానపద సినిమా దొరికింది. అందులో ఏడు తలల పాము. నిర్మాత గారు ఆ పామును మొదట మద్రాసులో ఒక కంపెనీకి అప్పజెప్పారు. మూడు తలలు అయ్యేసరికి వాళ్ళతో ఏదో తేడా వచ్చింది. మిగతా నాలుగు తలలు మమ్మల్ని చెయ్యమన్నారు. మద్రాసు వాళ్ళు అప్పటిదాకా చేసినదంతా ఒక్క ఫైలుగా కట్టి హార్డ్ డిస్కులో పంపారు. లినక్స్‌లో ఇలా కట్టిన దాన్ని టార్ అంటారు. వందల ఫైళ్ళని కలిపి కట్టిన మూట అనుకోండి. విప్పితే ఎక్కడివక్కడ సర్దుకుంటాయి. అని నమ్మకం.

పాము చర్మం మీద పొలుసులు వెయ్యడంలో మా దగ్గర ఒక్క అమ్మాయిదే పైచేయి. హన్మకొండ నుంచి వచ్చింది. ఎర్రగడ్డలో వాళ్ళ అక్కాబావల ఇంట్లో ఉంటూ రెండు బస్సులు మారి వచ్చేది. ఆ అమ్మాయి కిందటి వారమే రాజీనామా ఇచ్చింది. మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది, వచ్చే సోమవారం చేరాలి. ఒక్కటే తరువాయి. ఆ కంపెనీ వాళ్ళు పాత ఆఫీసుకి ఫోన్ చేసి మనిషి ఎలాంటిదో కనుక్కుంటారట. ఆ తర్వాతే కాగితం చేతికిస్తారు.

“ఆదివారం సెలవంట అన్నా. పక్కా సెలవంట,” అని నాతో చెప్పుకుని మురిసిపోయింది. “రెండేండ్ల సంది అక్క ఇంట్ల హాల్ల పండుకుంటున్న. గీ ఉద్యోగమొస్తే ఒక రూం కిరాయికి తీసుకుంట. నా రూం, నా తాళం. వాళ్ళు ఫోన్ చేస్తే మన సారు మంచిగనే చెప్తడు గదా?”

“చెప్పకేం చేస్తాడు?” అన్నాను. ఆ మాట గట్టిగానే అన్నాను.

మూట విప్పడానికి ముహూర్తం పెట్టించారు. నవ్వకండి, ఫిల్మ్ నగర్‌లో కొత్త కుర్చీ కొన్నా ముహూర్తం చూసే కూర్చుంటారు. ఉదయం తొమ్మిదీ పన్నెండుకి బాగుందట. నిర్మాత గారు, వారి సిద్ధాంతి గారు, పూలదండ, కొబ్బరికాయలు, ఇంత పెద్ద హారతి పళ్ళెం వచ్చాయి. సర్వర్ పక్కన దీపం పెడతామంటే నేను పెద్దగా అరిచాను. ఎలాగో దీపం గట్టు మీంచి నేల మీదికి దిగింది. పసుపు, కుంకుమ మాత్రం సీడీ పెట్టే అరకే పెట్టారు. అది ఆ తర్వాత మళ్ళీ సరిగ్గా తెరుచుకోలేదు.

“మూట ఎవరు విప్పుతారండీ?” అన్నారు నిర్మాత గారు.

“నేనే సార్.”

“అదెలాగండీ? కొబ్బరికాయ కొట్టేది నేను, కెమెరా స్విచ్చాన్ చేసేది నేను. మూట కూడా నేనే విప్పుతాను. ఏ మీట నొక్కాలో చూపించండి చాలు.”

ఎవరి లాగిన్ వాళ్ళకి ఉన్నా, నేను ఆర్టిస్టులందరికీ కలిపి ఒక మామూలు లాగిన్ కూడా తయారుచేసి ఉంచాను. అందులోంచి విప్పితే ఏ గొడవా లేదు. మా మేనేజరు గారు అది చూసి నా చెవి దగ్గరికొచ్చారు. ఆయన పుట్టి పెరిగింది హైదరాబాదే. “ఏందయ్యా, ప్రొడ్యూసర్ చేతుల మామూలు లాగిన్ పెడ్తవా? పెద్దది లేదా?”

“రూట్ ఉంది సార్. దానికి అన్ని అధికారాలూ ఉంటాయి. కానీ…”

“కానీ గీనీ ఏం లేదు. అదే పెట్టు.”

నేను మళ్ళీ నోరు తెరవబోతే సిద్ధాంతి గారు చెయ్యెత్తారు. “అనుమానపు మాట వద్దు నాయనా, ఘడియ దాటిపోతోంది.” రూట్‌గా లాగిన్ అయ్యాను. విప్పే కమాండు టైపు చేశాను. నిర్మాత గారు కళ్ళు మూసుకుని, ఇష్టదైవాన్ని తల్చుకుని ఎంటర్ నొక్కారు. ఫైళ్ళ పేర్లు జరజరా పైకి పోతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. చేతకాని మనిషి చప్పట్లకి పడిపోతాడు. నేనూ కొట్టాను.

ఇంతటితో ఆగలేదు. దండ వేసిన మిషన్ని మర్నాడు సూర్యోదయం దాకా ఎవరూ ముట్టుకోకూడదన్నారు సిద్ధాంతి గారు. మేనేజరు గారు వంటింటికి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నారు. పోనీలే, పని ఎవరి సీటు నుంచి వాళ్ళు చేసుకోవచ్చు కదా అని నేనూ ఊరుకున్నాను. నిర్మాత గారు కింద గదిలో కూర్చున్నారు. సాయంత్రానికి నాలుగో తల కొంచెమైనా చూసి వెళ్తానన్నారు.

తొమ్మిదిన్నరకి మొదటి కేక. “కంప్యూటరాయనా, తెరుచుకోవట్లేదు!” తర్వాత రెండోది, మూడోది. ఒక్కో సీటు దగ్గరికీ వెళ్తే అదే రెండు ముక్కలు.

ఇంక సలహాలు మొదలు. మిషన్ ఆపి మళ్ళీ వెయ్యమన్నాడొకడు. వైరస్ అన్నాడింకొకడు. మద్రాసు వాళ్ళు కావాలని ఏదో పెట్టి పంపారన్నారు. రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ నిమ్మకాయ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. కేబుళ్ళు చూశాను. డిస్కు నిండిందేమోనని చూశాను. నా సీటు నుంచి రూట్‌గా వెళ్ళి చూశాను. నెట్‌వర్క్ మీద వచ్చే రూట్‌ని సర్వర్ దారినపోయే దానయ్యలాగే చూస్తుంది. సర్వర్ ముందు కూర్చున్న రూట్‌కే విలువ. దూరాన్నుంచి ఎవడైనా చెడగొడతాడని ఆ కట్టుదిట్టం చేసింది నేనే. నా అతితెలివికి నాకే పర్మిషన్ డినైడ్. తాళం తియ్యమని మేనేజరు గారిని అడిగితే, “ముహూర్తం నాడు మిషన్ ఖరాబైందంటే ప్రొడ్యూసర్ నన్ను బతకనిస్తడా? జర బయటినుంచే చూడు,” అన్నారు.

సరిగ్గా అప్పుడు ఆ అమ్మాయి తన సీటు నుంచి సంబరంగా పిలిచింది. “అన్నా, నాకు తెరుసుకుంటున్నయ్ గదా!”

అందరం వెళ్ళి చూశాం. మూడు తలల పాము ఆమె తెర మీద నిక్షేపంగా పడగ విప్పి ఉంది. పక్క సీట్లో తెరుచుకోనిది ఆమె సీట్లో ఎలా తెరుచుకుంటోంది? ఫైళ్ళు ఎవరి పేరు మీద ఉన్నాయో అడిగితే లినక్స్ చెప్తుంది. అడిగాను. పాము ఫోల్డరుకి యజమానిగా ఆ అమ్మాయి లాగిన్ పేరు వచ్చింది. యజమానికి తప్ప ఇంకెవ్వరికీ అందులో అడుగుపెట్టే హక్కు లేదు.

“నా పేరు మీద ఎట్లొచ్చినయో నాకెరుక లేదు. మంచిదే గదా, నేనే అందరికి పర్మిషన్ ఇచ్చేస్త. ఒక్క నిమిషం,” అని ఆ అమ్మాయి కీబోర్డు మీద చెయ్యి వేసింది.

మా వెనకే మేనేజరు గారు నిలబడి ఉన్నారు. “ఆగు. అంటే తాళంచెవి నీ దగ్గరనే ఉన్నట్టు గదా.”

“తాళమేంది సార్?”

“పోయేటోళ్ళు చేసే పని గిదే. రాజీనామా ఇచ్చినవు. పోతా పోతా ఫైళ్ళన్నీ నీ పేరు మీద లాక్ చేసుకున్నవు. లెవ్, గా సీట్ల నుంచి లెవ్. ఎవ్వరు ముట్టకుండ్రి, గది సాక్ష్యం.”

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను తెర మీద ఆమె పేరు వైపు చూశాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నాకూ అనుమానం వచ్చింది. ఫైళ్ళు ఆమె పేరు మీద ఉన్నాయి, ఆమెకే తెరుచుకుంటున్నాయి, ఆమె వెళ్ళిపోతోంది. రెండేళ్ళు పక్క సీట్లో కూర్చుని, తెచ్చుకున్న సర్వపిండిలో నాకు సగం పెట్టిన మనిషి మీద నాకు అనుమానం! ఆమెను కిందికి పంపి రిసెప్షన్‌లో సోఫా మీద కూర్చోబెట్టారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది.

మధ్యాహ్నమంతా నా బుర్ర వేడెక్కిపోయింది. కింద నిర్మాత గారికి బిర్యానీ వచ్చింది, పైన అందరూ సీట్లలో ఊరికే కూర్చుని పేపర్ చదువుతున్నారు, మధ్యమధ్యలో నాకేసి చూస్తున్నారు. తిండి మానేసి లినక్స్ పుస్తకం ముందేసుకున్నాను. అరంగుళం మందాన ఒక అధ్యాయం మొత్తం పర్మిషన్ల మీదే ఉంది. అందులో ఒక మూల, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం. టార్ మూటను మామూలు లాగిన్‌తో విప్పితే ఫైళ్ళన్నీ విప్పినవాడి సొంతమవుతాయి. రూట్‌తో విప్పితే అలా కాదు. కట్టేటప్పుడు ఏది ఎవరిదో మూట మీద రాసి ఉంటుంది. రూట్ ధర్మప్రభువు కదా, ఎవరిది వాళ్ళకి పంచిపెడుతుంది. ఆ పేరున్న మనిషి ఈ మిషన్‌లో లేకపోతే నంబరు చూసి ఇస్తుంది.

అప్పుడు వెలిగింది నాకు. లినక్స్‌లో ప్రతి మనిషికీ పేరు వెనక ఒక నంబరు ఉంటుంది. పేర్లు వదిలేసి నంబర్లు చూపించమన్నాను. పాము యజమాని ఐదు వందల మూడు. మా మిషన్‌లో ఆ అమ్మాయి నంబరు అదే. చేరిన వరసలో ఐదు వందల నుంచి నంబర్లు ఇచ్చుకుంటూ వచ్చింది నేనే.

నాలుగింటికి మద్రాసుకి ఫోన్ చేశాను. పాము చేసినతను తెలుగువాడే, చిత్తూరు జిల్లా మనిషి. మీ మిషన్‌లో నీ నంబరు చూసి చెప్పు బాబూ అని బతిమాలాను. కాసేపటికి వచ్చి, “అయిదు నూర్ల మూడు సార్,” అన్నాడు. ఫైళ్ళు ఇంకెవరికీ తెరుచుకోకుండా ఎందుకు పెట్టావని అడిగితే, “పక్కసీటోడు కెలికేస్తాడు సార్. అందుకే ఎప్పుడూ నాది నేను మూసేసుకుంటా,” అన్నాడు. అంతే సంగతి. అక్కడ అతనిది ఆ నంబరు, ఇక్కడ ఈమెది. ఆ అమ్మాయి వేలు కూడా కదపలేదు. రూట్‌తో విప్పినందువల్ల వచ్చింది ఇదంతా. రూట్ పాస్‌వర్డ్ కొట్టిన చేతులు నావి.

మెట్లు దిగి మేనేజరు గారి గదికి వెళ్ళాను. తలుపు సగం తెరిచి ఉంది. లోపల నిర్మాత గారు, సిద్ధాంతి గారు తాంబూలం వేసుకుంటున్నారు. మేనేజరు గారే బయటికొచ్చారు.

“దొరికిందా?”

“దొరికింది సార్. రేపు పొద్దున తాళం ఇవ్వండి. ఐదు నిమిషాల్లో అయిపోతుంది.”

“ఆమె పనేనా?”

ఈ రంగంలో ముహూర్తం షాట్ ఎప్పుడూ ఓకేనే. హీరో తుమ్మినా ఓకే, క్లాప్ కొట్టినావిడ చెయ్యి అడ్డమొచ్చినా ఓకే. కావాలంటే ఇంకోరోజు గుట్టుగా మళ్ళీ తీసుకుంటారు. ఆ పూట మాత్రం ‘బాగా రాలేదు’ అనే మాట ఎవరి నోటా రాకూడదు. వచ్చిందా, సినిమా ఆడకపోతే ఆ మాట అన్నవాడి పేరే చెప్పుకుంటారు. ‘ఆమె పని కాదు’ అంటే మరి ఎవరి పని అంటారు. ముహూర్తానికి నిర్మాత గారు నొక్కిన మీట అనాలి. రూట్ ఎవరిచ్చారు అంటే నేను అనాలి. గుమ్మడికాయల దొంగ అనకముందే నేను భుజాలు తడుముకుంటున్నాను.

“రేపు చెప్తాను సార్,” అన్నాను.

లోపల్నుంచి నిర్మాత గారు, “ఏవండీ, అంతా ఓకేనా?” అన్నారు. “ఓకే సార్, రేపు పొద్దున్నే నాలుగో తల మొదలు,” అని నవ్వాను కూడా.

వెళ్తూ రిసెప్షన్‌లో ఆ అమ్మాయి దగ్గర ఒక్క నిమిషం ఆగాను. పొద్దున కట్టుకొచ్చిన టిఫిన్ డబ్బా మూత తియ్యకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. “ఫికర్ చెయ్యకు. రేపటికల్లా సెట్ అయిపోతుంది,” అన్నాను. ఆమె తలూపింది. పెద్ద చిక్కు విప్పేశానన్న గర్వం నాకు. చాన్నాళ్ళకి పొద్దు ఉండగానే ఆఫీసు వదిలి టోలిచౌకిలో నా గదికి దగ్గరున్న హోటల్లో కూర్చుని, రెండు ఉస్మానియా బిస్కెట్లు, రెండు చాయ్‌లు సావకాశంగా లాగించాను. ఆ రాత్రి ఒళ్ళెరగకుండా నిద్రపోయాను.

పొద్దున్నే తాళం తీయించి వంటింట్లోకి వెళ్ళాను. దండ పక్కకి జరిపి రెండు లైన్లు టైపు చేశాను. మొదటిది ఫైళ్ళన్నిటినీ ఆర్టిస్టుల ఉమ్మడి లాగిన్‌కి మార్చడానికి. రెండోది వాళ్ళందరికీ చదివే, రాసే, లోపలికి వెళ్ళే హక్కు ఇవ్వడానికి. మూడు నిమిషాలు పట్టింది. హాల్లో అన్ని తెరల మీదా పాము లేచింది.

మేనేజరు గారిని పైకి పిలిచాను. అందరూ వింటుండగా చెప్పాను, తప్పు నాది అని. రూట్‌తో విప్పనివ్వకూడదని తెలిసీ ఊరుకున్నానని, నంబర్లు కలవడం వల్లే ఆమె పేరు వచ్చిందని, ఆమెకు ఇందులో ఏ పాత్రా లేదని చెప్పాను. నన్ను తిడతారనుకున్నాను. ఆయన జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి, “అరె, గట్లనా? మరి నిన్ననే చెప్పొచ్చు గదనయ్యా,” అన్నారు.

“నిన్న నిర్మాత గారున్నారు కదా సార్.”

“ఆఁ, గదీ నిజమే,” అన్నారు. అంతలోనే ఆయన ముఖం మారింది. గబగబా కిందికి దిగి తన గదిలోకి వెళ్ళి ఫోన్ తీశారు. ఆ అమ్మాయి, నేను ఆయన వెనకే దిగి తలుపు దగ్గర నిలబడ్డాం. ఆయన మాదాపూర్ కంపెనీ వాళ్ళతో చాలాసేపు మాట్లాడారు. “పొరపాటైంది,” “చానా మంచి పిల్ల,” “నాది గ్యారంటీ” అనే మాటలు వినిపించాయి. ఆఖరుకి ఫోన్ పెట్టేసి, ఆమె వైపు చూడకుండా నాతో చెప్పారు.

“నిన్న వాళ్ళు ఫోన్ చేసినప్పుడు, ఆమె మీద ఒక ఎంక్వైరీ నడుస్తుందని చెప్పిన. నాకేం ఎరుక? నిన్న సాయంత్రమే లిస్టుల వెనకున్న పిల్లకు లెటర్ పంపిచ్చిండ్రంట. మల్ల ఖాళీ అయితే పిలుస్తరంట.”

ఆయన గదిలోంచి బయటికొచ్చాం. నా మీద నాకే రోత పుట్టింది. ఏదో ఒకటి అనాలని, “నేను వాళ్ళ ఆఫీసుకి స్వయంగా వెళ్ళి చెప్తాను,” అన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు.

“మద్రాసుకు ఎన్ని గంటలకు ఫోన్ చేసినవన్నా?” అని అడిగింది.

“నాలుగింటికి.”

ఆమె రిసెప్షన్ బల్ల మీదున్న ఫోన్ వైపు చూసింది. దాని ఎదురుగానే సోఫా.

“మాదాపూర్ వాళ్ళది అయిదింటికి వచ్చింది. నా ముంగటనే మోగింది,” అంది.

ఆమె మెట్లెక్కి పైకి వెళ్ళి, తన సీట్లో కూర్చుని నాలుగో తల మొదలుపెట్టింది.